లెక్కల టీచరూ, నా కడుపుమంటా

లెక్కల టీచరు పోయిందని రాయికోడ్ నుంచి ఫోను వచ్చినప్పుడు నా మనసులో మొట్టమొదట మెదిలిన మాట రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా రాస్తాను. “హమ్మయ్య, ఈ ఏడు క్రిస్మస్ నాది” అనుకున్నాను. ఆ తర్వాతే “అయ్యో” అన్నాను. ఈ రెండింటి మధ్య ఎంతసేపు పట్టిందో కూడా చెప్పగలను. కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నంత సేపు.

మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి నా మొహం చూసి సంగతి అడిగింది. చెప్పాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కుర్చీలో కూలబడింది. కాసేపటికి తేరుకుని, “ఇప్పటికైనా ఆవిడ మీద ఏడవటం మానండి” అంది. ముప్పై ఏళ్ల కాపురంలో నా గురించి మా ఆవిడకి తెలియనిది లేదు. ఒక్క సంగతి తప్ప.

నేను జహీరాబాద్‌లో ఒక మిషన్ బడిలో సంగీతం మాస్టారిని. మాది తెనాలి వైపు. నాన్న ఇక్కడి ఫ్యాక్టరీలో పని దొరికి వచ్చేశాడు. నేను విజయవాడలో మావయ్య ఇంట్లో ఉండి వయొలిన్ డిప్లొమా పూర్తి చేసుకుని ఆయన వెనకాలే వచ్చాను. బడిలో చేరిన రోజు హెడ్మాస్టరు నాకు అప్పగించిన పనులు మూడు: పొద్దున ప్రార్థన, సాయంత్రం జాతీయ గీతం, డిసెంబరులో పిల్లల వాద్యబృందం చేత క్రిస్మస్ పాటలు. మొదటి రెంటికీ డిప్లొమా అక్కర్లేదు. మూడో దాన్ని అప్పటికే ఒక లెక్కల టీచరు నడిపిస్తోంది. ఇక సంగీతం మాస్టారికి మిగిలిందేమిటో మీరే చెప్పండి.

ఆమె సన్నగా, పొడుగ్గా ఉండేది. గంజి పెట్టిన నూలు చీర, ముడిలో గుచ్చిన పెన్సిలు. పాడటం రాదు. నోరు తెరిచి పాడితే తుప్పుపట్టిన తలుపు తీసినట్టుండేది. అందుకని ఈల వేసేది. స్టాఫ్ రూములో పేపర్లు దిద్దుతూ ఈల, వరండాలో నడుస్తూ ఈల, బోర్డు మీద త్రిభుజం గీస్తూ ఈల. ఆడమనిషి ఈల వేయడమేమిటని మొదట్లో ఊళ్లో గుసగుసలాడారట. హెడ్మాస్టరు పిలిచి అడిగితే, “నాకు గొంతు లేదు సార్. దేవుడు పెదవులిచ్చిండు. గవ్విటితోనే కొలుస్త” అందట. ఆయన సరేనని వెళ్లిరమ్మన్నాడు.

ఆ ఈల శ్రుతి తప్పడం నేను ఒక్కసారి కూడా వినలేదు. వినాలని చాలా ప్రయత్నించాను.

ఆమెకి స్వరాలు రాయడం రాదు. మన సరిగమల రాతా రాదు, ఇంగ్లీషు వాళ్ల అయిదు గీతల రాతా రాదు. లెక్కల నోటుబుక్కులో గళ్లుంటాయి చూడండి, వాటిలో రాసేది. ఒక గడికి ఒక దెబ్బ. గడిలో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఏదో ఒక అంకె. అంకె ఉంటే వాయించాలి, ఖాళీగా ఉంటే ఊరుకోవాలి. పిల్లలు దాన్ని “డబ్బాల పాట” అనేవారు. కాగితం పైన వాయిద్యం పేరు ఉండదు, పిల్లవాడి పేరు ఉంటుంది. ముప్పై ఇద్దరు పిల్లలుంటే ముప్పై రెండు కాగితాలు, ఏ రెండూ ఒకలా ఉండవు. అంకెలు మాత్రం అన్నీ ఒకే వైపుకి వాలి ఉండేవి.

నేను చేరిన ఏడాదే నా సత్తా చూపించాలని బాలయేసుని చూడొచ్చిన గొల్లల పాట ఒకటి తీసుకుని దసరా సెలవులన్నీ కూర్చుని రాశాను. పద్నాలుగు పేజీలు. ఒకటో వేణువు, రెండో వేణువు, వయొలిన్లు, హార్మోనియం, డ్రమ్ములు, ఎవరి వరస వాళ్లకి చక్కగా గీతలు కొట్టి మరీ రాశాను. తీసుకెళ్లి ఆమె బల్ల మీద పెట్టాను. ఆమె ముడిలోంచి పెన్సిలు తీసి, ఒక్కో పేజీ చాలాసేపు చూసింది.

“చేతిరాత ముత్యాల్లెక్క ఉంది సార్. గని ఇందుల మన యాదగిరి ఏడున్నడు?” అంది.

“యాదగిరి ఎవరు?”

“సెవెంత్ బి సార్. మెడల డోలు ఏస్కుంటడు. ఎడమ చెయ్యి సరిగ రాదు పోరనికి.”

“డ్రమ్స్ అని రాశాను కదండీ, నాలుగో వరసలో.”

ఆమె నాలుగో వరస మీద వేలు పెట్టి చివరిదాకా జరిపింది. “రెండు చేతులతోని రాసిన్రు సార్” అంది.

అంతే. నాకు ఒళ్లు మండిపోయింది. ఒక్క కుర్రాడి ఎడమ చెయ్యి కోసం పాటని విరగ్గొట్టుకుంటామా అని ఇంటికొచ్చి మా ఆవిడ మీద అరిచాను. ఆ డిసెంబరులో ఆమె యాదగిరికి నాలుగు గళ్లకి ఒక్క దెబ్బ రాసింది, కుడిచేత్తో. వాడు ఆ దెబ్బ కొట్టే ముందు పుల్ల పైకెత్తి పట్టుకునేవాడు. హాల్లో జనమంతా ఆ పుల్లనే చూస్తుండేవారు. నా డిప్లొమాలో అలాంటి దెబ్బ ఒకటి ఉంటుందని నాకెవరూ చెప్పలేదు.

పాటలేమో పాతవి. న్యాల్‌కల్, రాయికోడ్ పల్లెల్లో ముసలమ్మలు కంది చేలల్లో పాడుకునే క్రిస్మస్ పాటలు. సగం తెలుగు, మధ్యలో కన్నడం, అక్కడక్కడ ఉర్దూ ముక్కలు. ఆమె తండ్రి ఆ పల్లెల్లో చర్చి ఉపదేశిగా, ప్రార్థనలు చేయిస్తూ సైకిలు మీద తిరిగేవాడట. వెనక కూర్చుని తిరుగుతూ ఈ పిల్ల అన్నీ విన్నది, ఏదీ మర్చిపోలేదు. ఒక పాటలో మూడో చరణం దగ్గర ఖాళీ గడి ఒకటి అదనంగా పెట్టింది. దొరికిపోయింది అనుకున్నాను.

“టీచర్ గారూ, ఇక్కడ తాళం తప్పింది. ఒక గడి ఎక్కువైంది.”

“తప్పలే సార్. ఆ ఊర్ల ఇండ్లన్ని ఎక్కుడు మీదుంటయి. పండుగకు ఇంటింటికి పాడుకుంట ఎక్కుతరు గద, గక్కడ ముసలోళ్లు ఊపిరి తీస్కుంటరు.”

“మన పిల్లలు స్టేజీ మీద కూర్చుని వాయిస్తారు. ఎక్కేదేమీ లేదు కదా?”

“అయినగని జర ఆగుదం సార్. ఆ ముసలోళ్లు ఇనెతందుకు వస్తరు గద.”

వచ్చారు. ముందు వరసలో నేల మీద కూర్చున్నారు. మూడో చరణం దగ్గర పిల్లలందరూ ఒక్క గడి ఆగారు. ఆ ముసలమ్మలందరూ ఒకేసారి ఊపిరి తీసుకున్నారు. నేను పక్కన నిలబడి చూశాను. చప్పట్లు కొట్టడానికి నా చేతులు రాలేదు.

బడిలో ఉన్న హార్మోనియం కాళ్లతో తొక్కేది. ఎప్పుడో మిషనరీ దొరలు వదిలిపెట్టి వెళ్లిన పెట్టె. అందులో రెండు మెట్లు పలకవు. మిగిలినవన్నీ ఉండాల్సిన శ్రుతి కన్నా సరిగ్గా ఒక మెట్టు కిందికి పలుకుతాయి. నాలాంటి చదువుకున్నవాడికి దాన్ని వింటుంటే పంటి కింద రాయి పడ్డట్టుండేది. ఆమె మాత్రం, “పెట్టె ముసల్ది సార్, దాని మాట మనమే ఇందం” అనేది. పలకని రెండు మెట్ల మీదికి ఏ పాటా పోకుండా రాసేది. మెట్ల మీద అంకెల చిట్టీలు అతికించేది. మిగతా వాయిద్యాలన్నిటినీ ఆ పెట్టె శ్రుతికే కలిపేది.

వేణువుల కథ పిల్లలు ఎన్నిసార్లు చెప్పుకునేవారో. ఝరాసంగం జాతరలో వేణువులు అమ్ముతారు. వెదురు వేణువు శ్రుతి ఒకసారి కుదిరితే కుదిరినట్టే, తర్వాత మార్చడం ఉండదు. అందుకని ఈమె పొద్దున్నే పెట్టె మీద “ఒకటి” నొక్కి, ఆ స్వరాన్ని ఈలలో పట్టుకుని, అది జారిపోకుండా సన్నగా వేసుకుంటూనే బస్సెక్కిందట. దారి పొడుగునా ఎవరితోనూ మాట లేదు. కండక్టరు టికెట్ అడిగితే ఊరి పేరు అరచేతిలో రాసి చూపించిందట. డ్రైవరు అది కండక్టరు ఈలనుకుని రెండు చోట్ల బండి ఆపాడట. జాతరలో కొట్టువాడు విసుక్కుంటున్నా వినకుండా ఒక్కోటీ ఊది చూసి పన్నెండు తెచ్చింది. పన్నెండూ పెట్టెతో అతికినట్టు కలిశాయి. అప్పుడు నేను ఒక్కో వేణువూ తీసి పరీక్షించాను. ఒక్కటైనా తప్పకపోతుందా అని.

నా దగ్గర వయొలిన్ నేర్చుకునే పిల్లలు ఆరుగురు ఉండేవారు. వాళ్లకి ఆమె ఇచ్చింది ఏమిటనుకున్నారు? ఒకే ఒక్క స్వరం. పాట మొదలు నుంచి చివరిదాకా అదే సాగదీయాలి. పౌరుషం పట్టలేక వెళ్లి అడిగాను. ఆమె నిజంగానే సంతోషంగా, “మీ పిల్లలు ఒకటిని మస్తు మంచిగ పట్టుకుంటరు సార్. గంత కదలకుంట ఎవ్వరికి రాదు” అంది. అది నిజం. మా పిల్లలకి అప్పటికి వచ్చింది అంతే. ఆమె ఎప్పుడూ ఎత్తిపొడవదు, అదే నా బాధ. ఎత్తిపొడిచి ఉంటే హాయిగా తిట్టుకునేవాణ్ని.

ఊళ్లో దాన్ని “లెక్కల టీచర్ బ్యాండు” అనేవారు. కూరగాయల బండి అతను కూడా ఒకరోజు నన్ను ఎగాదిగా చూసి, “మీరు గా లెక్కల టీచర్ బడిల చేస్తరు గద సార్?” అన్నాడు. వంకాయలు అక్కడే పడేసి వచ్చాను.

ఇక పన్నెండేళ్ల కిందటి డిసెంబరు సంగతి. ఆ ఏడు బడికి పండగతో పాటు వార్షికోత్సవం కూడా కలిసొచ్చింది. హైదరాబాద్ నుంచి పెద్దలు వస్తున్నారన్నారు. ఈ ఒక్కసారి నా పేరు మైకులో వినపడాలని నాకు పట్టుకుంది. ఆరు వయొలిన్లు, రెండు కీబోర్డులతో ఒక పాట రాసి పిల్లలకి నేర్పి హెడ్మాస్టరుకి వినిపించాను. ఆయన నొప్పించడం ఇష్టం లేక, “టీచరమ్మది ఏ కారణం చేతనైనా సిద్ధం కాకపోతే మీది పెట్టుకుందాం సార్” అన్నాడు. ఆయన మాటవరసకన్నాడు. నేను మాత్రం ఆ “ఏ కారణం చేతనైనా” అన్న ముక్క పట్టుకుని ఇంటికొచ్చాను.

పండగ ఇంకో పది రోజులుందనగా, పెట్టె బాగుచేయిస్తానని నేనే ముందుకొచ్చాను. ఆమె మొహం చేటంత చేసుకుంది. “గా రెండు మెట్లు గిట్ల పలికితే మా సువార్త మస్తు ఖుషీ అయితది సార్!” అంది. సువార్త తొమ్మిదో తరగతి పిల్ల. చిరాగ్‌పల్లి నుంచి వచ్చేది. వాళ్ల నాన్నకి హైవే మీద పంక్చర్ల షాపు. దసరా నుంచీ ఆ పెట్టె ముందు కూర్చుని పాట మొత్తం వేళ్లలో పెట్టుకుంది.

హైదరాబాద్ నుంచి ఒక ముసలాయన వచ్చి పెట్టె చూశాడు. పలకని మెట్లు చూపించాను. తర్వాత గొంతు తగ్గించి, “శ్రుతి కూడా సరిచెయ్యండి. ఒక మెట్టు పైకి లేపండి” అన్నాను. ఆయన పెట్టె మూత మీద చెయ్యి పెట్టి, “దీంతోని కలిపి వాయించెటివి వేరే ఉన్నయా సార్?” అని అడిగాడు.

“లేవు” అన్నాను. ఆయన పెట్టెని తనతో పట్టుకెళ్లాడు.

తెలియక జరిగిందని తర్వాత అందరితోనూ అన్నాను. మా ఆవిడతోనూ అన్నాను. తెలిసే చేశాను. పన్నెండు వేణువులు ఆ పెట్టెకి కలిపినవని నాకు తెలుసు, వెదురు మారదనీ తెలుసు. శ్రుతి సరిచేయించడం తప్పెలా అవుతుందని నాకు నేనే చెప్పుకున్నాను.

పెట్టె పండగ కార్యక్రమం రోజు పొద్దున్నే ఆటోలో బడికి వచ్చింది. నేను కావాలనే ఆలస్యంగా వెళ్లాను. బస్టాండు దగ్గర ఇడ్లీ తింటూ కూర్చున్నాను. ఒక ప్లేటు తర్వాత ఇంకో ప్లేటు.

హాల్లోకి వెళ్లేసరికి పది అయింది. ముప్పై ఇద్దరు పిల్లలూ నేల మీద బుద్ధిగా కూర్చుని ఉన్నారు. ఆమె పెట్టె పక్కన స్టూలు మీద ఉంది.

“పెట్టె వచ్చింది సార్. శ్రుతి ఒక్క మెట్టు పైకి పోయింది” అంది.

“అయ్యో! రెండు మెట్లు బాగుచెయ్యమంటే ఇదేం పనండీ? ఆ ముసలాడికి చెవులున్నాయా అసలు?” అన్నాను. బాగానే నటించాననుకున్నాను.

“ఆయన చెవులు మంచిగనే ఉన్నయి సార్. పెట్టె ఇప్పుడే సరిగ పలుకుతుంది” అంది ఆమె నెమ్మదిగా.

పిల్లల్లో ఒక్కరూ తలెత్తలేదు. కార్యక్రమం పోయిందని భయపడుతున్నారనుకున్నాను. సువార్త పెట్టె తొక్కి “ఒకటి” నొక్కింది. పక్కన ఒక పిల్ల వేణువు ఊదింది. రెండూ కలిసి స్టీలు పళ్లెం మీద చెంచాతో గీకినట్టు వినిపించాయి. సువార్త చటుక్కున చేతులు తీసి ఒళ్లో దాచుకుంది.

నాలుక చివర పెట్టుకుని వచ్చిన మాట అప్పుడు అన్నాను. “ఈసారికి నా పాట పెట్టుకుందాం టీచర్ గారూ. సిద్ధంగా ఉంది.”

“మీ పాట ఎన్మిది మందిది సార్. వీళ్లు ముప్పై ఇద్దరు” అంది ఆమె. తర్వాత పెట్టె మెట్ల వైపు చూస్తూ, “మీరు చదువుకున్నరు, చెప్పుండ్రి. ఒక్క మెట్టు కిందికెల్లి మొదలువెడితే పాట ఏడికి పోతది?” అని అడిగింది.

మాస్టారిని కదా, అడిగితే జవాబు దానంతటదే వచ్చేస్తుంది. “నల్ల మెట్ల మీదికి పోతుంది. ఏడింటిలో అయిదు నల్లవే” అన్నాను.

“అయితే చిట్టీలు జరుపుదం” అని అంకెల చిట్టీలు ఒక్కొక్కటీ ఒక మెట్టు ఎడమకి జరిపి అతికించింది. వేణువులు కదలవు కాబట్టి పెట్టె పాటే కదలాలి. అతికించడం అయ్యాక లేచి నిలబడి, “అంకెలు నేను జరిపిన. ఇగ వేళ్లకు నేర్పాలె. గది నాకు రాదు సార్, మీకొస్తది” అంది.

కూర్చున్నాను. ఇంకేం చేస్తాను? దసరా నుంచీ తెల్ల మెట్లకి అలవాటుపడిన సువార్త వేళ్లు నల్ల మెట్ల మీంచి జారిపోతున్నాయి. “బొటనవేలు నల్లదాని మీద పెట్టకమ్మా, దాన్ని తెల్లదాని కోసం దాచుకో” అని చెప్పాను. చెయ్యి పట్టుకుని పెట్టాను. మళ్లీ, మళ్లీ. ఆ పిల్ల ఒక్కసారీ నా మొహం చూడలేదు, వేళ్లే చూసింది. ఒంటిగంట అయింది, అన్నాల బెల్లు కొట్టారు, ఇద్దరం లేవలేదు. మూడు గంటలప్పుడు పాట మొదటి నుంచి చివరిదాకా ఆగకుండా వాయించింది. పన్నెండు వేణువులూ వచ్చి కలిశాయి. పిల్లలు గోలగోలగా అరిచారు. ఆ అయిదు గంటలూ నేను నిజంగా సంగీతం మాస్టారిని. చేసిన పని మర్చిపోయి, సిగ్గులేకుండా సంతోషపడ్డాను.

నాలుగు గంటలకి కార్యక్రమం. హెడ్మాస్టరు చేతిలో చిట్టీ పట్టుకుని మైకు ముందుకొచ్చి చదివాడు: “ఈ క్రిస్మస్ పాటల కూర్పు, వాద్యబృందం, మన మ్యూజిక్ సార్!” ఆ చిట్టీ మీది రాత నేను కూర్చున్న చోటికి కనబడుతోంది, అక్షరాలన్నీ ఒకే వైపుకి వాలి ఉన్నాయి. ఆమె వైపు చూశాను. యాదగిరి తమ్ముడు మెడలో డోలు వేసుకుంటుంటే దాని పట్టీ బిగిస్తోంది. పైకి చూడలేదు.

మైకు నాకు రెండడుగుల దూరంలో ఉంది. “కాదు, ఇది టీచరుగారిది” అనడానికి ఎంతసేపు పడుతుంది? లేచాను. రెండు చేతులూ జోడించి అటు వైపు ఒకసారి, ఇటు వైపు ఒకసారి దండం పెట్టాను. చప్పట్లు కొట్టారు. మళ్లీ పెట్టాను.

ఆ తర్వాత ప్రతి ఏడూ చిట్టీ మీద నా పేరే వచ్చింది. ఆమె ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. నా అసూయ తగ్గిందనుకుంటే పొరపాటు. అంతకు ముందు ఆమె చెవి చూసి ఏడ్చేవాణ్ని. ఇప్పుడు ఇంకోటి తోడైంది. నేను నిద్ర మానుకుని కోరుకున్నదాన్ని ఆమె చిట్టీ ముక్క మీద రాసి ఇచ్చేసింది. ఇచ్చి, డోలు పట్టీ బిగిస్తూ ఉండిపోయింది. తనకి అది అక్కర్లేదు. అలా అక్కర్లేకుండా ఉండటం ఎక్కడ నేర్పుతారో నాకు తెలియదు. రిటైరై రాయికోడ్ వెళ్లిపోయాక కూడా నవంబరు వచ్చేసరికి డబ్బాల పుస్తకం సంచిలో పెట్టుకుని బస్సులో దిగేది. పిల్లలు గేటు దాకా పరిగెత్తేవారు. నేను స్టాఫ్ రూములో కూర్చుని వయొలిన్ తీగలు బిగించుకునేవాణ్ని. పోయిన నవంబరులో కూడా వచ్చింది.

మొన్న రాయికోడ్‌లో సమాధి చేశారు. వాన పడుతోంది. ఎర్రమట్టి చెప్పులకి అంటుకుని అడుగు తీసి అడుగు వేయనివ్వలేదు. పాత పిల్లలు చాలామంది వచ్చారు. అంతా అయ్యాక నేను గోడ పక్కన ఒంటరిగా నిలబడి ఉంటే సువార్త గొడుగు పట్టుకుని వచ్చింది. ఇప్పుడు న్యాల్‌కల్‌లో వ్యవసాయ విస్తరణాధికారి. స్కూటీ మీద ఊళ్లన్నీ తిరుగుతుంది.

“మంచిగున్నరా సార్?” అంది. ఆ పిల్ల చేతులు చూశాను. నేను పట్టుకుని నల్ల మెట్ల మీద పెట్టిన వేళ్లు. ఇంక ఆపుకోలేకపోయాను.

“సువార్తా, నీకొక మాట చెప్పాలి. ఆ రోజు పెట్టె శ్రుతి మారింది చూడు, అది ఆ ముసలాయన తప్పు కాదు. నేనే మార్చమన్నాను. మీ పాట చెడిపోవాలనే చేశానమ్మా.”

“తెల్సు సార్” అంది. బస్సు ఎన్నింటికో చెప్పినంత మామూలుగా.

“ఏం తెలుసు?”

“పెట్టె దింపంగనే ఆ తాత టీచర్‌తోని అన్నడు సార్. ‘మీ సార్ చెప్పినట్టే ఒక్క మెట్టు లేపిన, దీంతోని కలిపెటివి వేరే లేవన్నడు’ అని. మేమందరం గక్కడనే ఉన్నం.”

గోడ పట్టుకున్నాను. “టీచరు ఏమంది?”

“మావోళ్లు గరమైన్రు. ఒకరిద్దరు హెడ్మాస్టర్ తాన్కి ఉరికిన్రు గూడ. టీచర్ ఆపి అందర్ని కూసోబెట్టింది. ‘మనకు తెల్సినట్టు సార్‌కు తెల్వద్దు. తెలిస్తే సిగ్గువడి బడి ఇడిచిపోతడు. సార్ పోతే మీకు వయొలిన్ ఎవలు నేర్పుతరు, నాకు రాదు గద’ అన్నది. అందరితోని ఒట్టు ఏయించుకున్నది.” సువార్త గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. “మా అమ్మకు గూడ చెప్పలే సార్. ఇయ్యాల మీరే అన్నరు గనక అంటున్న.”

ముప్పై ఇద్దరు పిల్లలు. పన్నెండేళ్లు. వాళ్లలో కొందరి పెళ్లిళ్లకి వెళ్లి అక్షింతలు వేసి భోంచేసి వచ్చాను. బజార్లో ఎదురైతే బండి ఆపి దిగి “నమస్తే సార్” అనేవాళ్లు. ఒక్కరి కళ్లలోనూ, ఒక్కరి మాటలోనూ ఏమీ బయటపడలేదు. ఆ పిల్లలే నా క్లాసులో అయిదు నిమిషాలు నోరు మూసుకోండ్రా అని బెత్తం బల్లకేసి విరగ్గొట్టినా వినేవాళ్లు కాదు.

ఏడుపు తన్నుకొచ్చింది. అంత మందిలో, మొహం దాచుకోకుండా ఏడ్చాను. సువార్త గొడుగు నా మీదికి వంచి, “ఊకోండ్రి సార్. టీచర్ మంచి తావుకే పోయింది” అంది. ఆమె పోయినందుకు ఏడుస్తున్నానని అనుకుంది పాపం. కాదని చెప్పలేదు. ఆ ముప్పై ఇద్దరిలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, నేను అడిగితే నాకోసం ఒక్క పూట అలా నోరు మూసుకుని ఉండేవారా అని ఏడ్చాను.